సిఫారిష్, సనద్, డిగ్రీ: డ్రాయింగ్ టీచర్ తాలీమ్ కథ

మా శ్రీనగర్ కాలనీలో బొమ్మలు గీయడం వచ్చిన పిల్లలకు పనికి కొదవ లేదంటారు. అందులో నిజం లేకపోలేదు. సినిమా ఆఫీసు లేని గల్లీ తక్కువ. పక్కన ఎడిటింగ్ రూము, పైఅంతస్తులో గ్రాఫిక్స్ కంపెనీ. అటు వెళ్తే అన్నపూర్ణ స్టూడియోస్, ఇటు వస్తే అమీర్‌పేటలో సారథి స్టూడియోస్. సెట్టుకు రంగులు వేసేవాళ్లు కావాలి, స్టోరీబోర్డు గీసేవాళ్లు కావాలి, పోస్టరు డిజైన్ చేసేవాళ్లు కావాలి. పిల్ల వచ్చి "ఆర్ట్ డైరెక్టర్‌నవుతా" అంటే అమ్మీ, అబ్బా కాసేపు ఆలోచించి "అల్లాహ్ మాలిక్" అంటారు. అదే పిల్ల "బడిలో డ్రాయింగ్ టీచర్‌నవుతా, దానికి నాలుగేళ్ల డిగ్రీ చదువుతా" అంటే మాత్రం ఇంట్లో ఖామోషీ. ఆ ఖామోషీ వెనక ఒక సవాల్ ఉంది: పిల్లలకు బొమ్మలు నేర్పడానికి డిగ్రీ ఎందుకు?

నేను ఆ డిగ్రీ చదువుతున్నదాన్ని. పంజాగుట్ట మీదుగా రోజూ మాసబ్ ట్యాంక్‌కు వెళ్లి రంగులు పూసుకుని వస్తాను. ఆ సవాల్‌ను కోపంతో కాక తారీఖ్‌తో ఎదుర్కోవాలనిపించింది. తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. రెండూ కలిపి చెబుతాను.

మన దక్కన్‌లో బొమ్మలు నేర్పే మనిషి తయారైన దారి చూస్తే నాకు మూడు దర్వాజాలు కనిపించాయి. మొదటిది సిఫారిష్. రెండోది సనద్. మూడోది డిగ్రీ. ఈ మూడింటికీ ముందు ఉస్తాద్ ఇంటి గడప ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఉస్తాద్ గడప

చేర్యాల పటాలు గీసే కుటుంబాలను నకాషీలంటారు. నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లదీ అదే పేరు. నఖ్ఖాష్ అరబ్బీ మాట, ఫార్సీ, ఉర్దూల మీదుగా మన పల్లెలకు వచ్చింది. పటం మీద ఉండేది మార్కండేయ పురాణం, మడేల్ పురాణం, కాటమరాజు కథ. గీసేవాళ్లు హిందువులు, పని పేరు మాత్రం మా జబాన్‌ది. దక్కన్ తెహజీబ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క మాట చూపిస్తాను.

ఆ ఇళ్లలో తాలీమ్‌కు వేరే టైమ్ టేబుల్ లేదు. పిల్లలు ముందు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించడం నేర్చుకుంటారు. తర్వాత రంగు నూరడం. తర్వాత ఎర్రటి నేపథ్యం నింపడం. ముఖానికి కళ్లు దిద్దే హక్కు ఆఖర్న వస్తుంది. నేర్పేవాడు, గీసేవాడు ఒక్కడే. చేతిలో కాగితం ఏదీ ఉండదు, చేతే కాగితం.

మా వైపు ఇలాంటి గడప ఖుష్‌నవీస్‌ది, అంటే అందంగా రాసే ఉస్తాద్‌ది. ఖత్తాతీ కొలతల విద్య. కలం మొనతో పెట్టిన ఒక చుక్క, నుఖ్తా, అందులో కొలమానం. అలిఫ్ ఎన్ని నుఖ్తాల పొడవుండాలి, బే ఎంత వెడల్పుండాలి అనేది దాంతోనే తేలుతుంది. బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది రంగుపలకల్లో అక్షరమే అలమ్ ఆకారం ఎత్తింది. ఆ పని చేసిన చేతులు ఈ కొలతల్లోనే పెరిగాయి.

ఖత్తాతీ రివాజులో ఒక విషయం ఉంది. దాన్ని ఇక్కడే చెప్పుకోవాలి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది. షాగిర్ద్ ఎంత బాగా రాసినా తన పని కింద తన దస్తఖత్ పెట్టకూడదు. ఉస్తాద్ ఇజాజత్ ఇచ్చిన రోజున పెట్టాలి. ఇజాజత్ అంటే అనుమతి. అది రెండింటికి అనుమతి: తన పేరు రాసుకోవడానికి, ఇంకొకరికి నేర్పడానికి. "నీకు వచ్చింది" అన్న మాటా, "నువ్వు నేర్పగలవు" అన్న మాటా ఒకే కాగితంలో ఉండేవి.

లండన్ పరీక్ష

బొమ్మలు నేర్పే మనిషికి సర్కారు ముద్ర వేసే పద్ధతి మన దగ్గరికి ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1851లో లండన్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అక్కడ మన నేతగాళ్ల, లోహపు పనివాళ్ల డిజైన్లు చూసి ఇంగ్లిష్‌వాళ్లు తమ ఫ్యాక్టరీ సామాన్లు అందంలో వెనకబడ్డాయని గ్రహించారు. 1852లో హెన్రీ కోల్ చేతికి ఒక ప్రభుత్వ శాఖ అప్పగించారు. దాని కింద సౌత్ కెన్సింగ్టన్‌లో డ్రాయింగ్ మాస్టర్లను తయారుచేసే స్కూలు నడిచింది. అదే తర్వాత 1896లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అయింది. ఈ రోజు పెద్ద పెద్ద ఆర్టిస్టుల పేర్లతో వినిపించే ఆ కాలేజీ పునాదిలో బడి డ్రాయింగ్ మాస్టరు ఉన్నాడు.

ఇక్కడ మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ 1850లోనే ఆర్ట్ స్కూలు తెరిచాడు. కలకత్తాలో 1854లో, బొంబాయిలో జె.జె. స్కూల్ 1857లో, లాహోర్‌లో మేయో స్కూల్ 1875లో వచ్చాయి. వీటిలో సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి నడిచింది. ముందు గీత, తర్వాత జామెట్రీ, తర్వాత ప్లాస్టర్ బొమ్మ చూసి గీయడం. కన్ను, చెయ్యి క్రమశిక్షణలో పడాలి, ఓవర్‌సీయర్‌కూ డ్రాఫ్ట్స్‌మన్‌కూ పనికిరావాలి. పిల్లవాడి మనసులో ఏముందో ఆ పద్ధతి అడగలేదు.

ఆ పద్ధతి పోయిందనుకోకండి. మన దగ్గర ఇప్పటికీ డ్రాయింగ్‌లో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ అని సర్కారీ టెక్నికల్ పరీక్షలున్నాయి. ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్, మోడల్ డ్రాయింగ్ అన్న మాటలు ఆ కాలం నుంచి వచ్చి మన పిల్లల హాల్ టికెట్ల దాకా నడిచాయి.

తెలుగునేలలో ఈ స్కూళ్ల దారి పట్టినవాళ్లలో రాజమండ్రి దామెర్ల రామారావు ముందువరసలో ఉంటారు. రాజమండ్రి ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతివాటం చూసి బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లేలా ప్రోత్సహించారు. రామారావు చదువు ముగించి తిరిగి వచ్చి 1920ల మొదట్లో రాజమండ్రిలో తనే చిత్రకళా పాఠశాల పెట్టారు. 1925లో మశూచి వచ్చి 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ బడిని వరదా వెంకటరత్నం తదితర మిత్రులు నడిపించారు. ఇది నేను చెప్పిన మొదటి దర్వాజా, సిఫారిష్. ఒక పెద్దమనిషి కంట్లో పడితే చదువు. పడకపోతే లేదు.

అజంతా నకలు

అజంతా గుహలు నిజాం రియాసత్‌లో ఉండేవి. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. ఆ గోడల బొమ్మలు నకలు తీయడమే మన దేశంలో చిత్రకళా తాలీమ్‌కు పెద్ద మద్రసాగా పనిచేసింది. రాబర్ట్ గిల్ 1840లలో మొదలుపెట్టి తీసిన నకళ్లు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. తర్వాత జాన్ గ్రిఫిత్స్ జె.జె. స్కూల్ విద్యార్థులను తీసుకెళ్లి ఏళ్లతరబడి తీసిన వాటిలో కూడా ఎన్నో 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో కాలిపోయాయి.

మూడోసారి 1909-11 మధ్య లేడీ హెరింగమ్ వచ్చింది. ఆమెతో కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ లాంటి కుర్రవాళ్లు వచ్చారు. హైదరాబాద్ నుంచి ఇద్దరు ముసవ్విర్లు చేరారు: సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజలుద్దీన్. సయ్యద్ అహ్మద్ తర్వాత అజంతా గుహలకే క్యూరేటర్ అయ్యారు. 1914లో గులాం యజ్దానీ కింద నిజాం ఆర్కియాలజీ శాఖ ఏర్పడింది, 1920లలో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి గోడలను బాగుచేయించారు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా నకళ్లను మీరు చూసే ఉంటారు.

మా ఇళ్లలో ఒక బహస్ ఎప్పుడూ ఉంటుంది. జీవమున్నవాటి తస్వీర్ గీయవచ్చా, గీయకూడదా? ఉలమాల్లోనే దీని మీద ఒకటికి మించి రాయ్‌లున్నాయి, తీర్పు చెప్పే ఇల్మ్ నాకు లేదు. తారీఖ్‌లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. ఒక సయ్యద్ సాహెబ్ తన ఉమర్‌లో పెద్ద భాగం బోధిసత్వుడి కనురెప్ప ఎలా వాలిందో చూస్తూ గడిపారు. ఆయనకు జీతం ఇచ్చినది ముస్లిం రియాసత్. ఈ పని దీన్‌కు దూరమని గానీ, మన ఖౌమ్‌ది కాదని గానీ ఆ కాలపు హైదరాబాద్ అనుకోలేదు.

సిఫారిష్ నుంచి సనద్‌కు

1940లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ స్కూలు వచ్చింది. నేను చదివే యూనివర్సిటీకి అదే బీజం. ఇక్కడ రెండో దర్వాజా తెరుచుకుంది: పరీక్ష పాసైతే డిప్లొమా, అంటే సనద్.

అయితే ఆ స్కూలు గేటు దాకా రావడానికి మొదట్లో సిఫారిష్ కూడా కావాల్సి వచ్చేది. కొండపల్లి శేషగిరిరావు గారి కథే తీసుకోండి. 1924లో వరంగల్ వైపు పల్లెలో పుట్టారు. ఆయనలోని హునర్ నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ కంట్లో పడింది. ఈ నవాబ్ సాహెబ్ మా ఇరుగుపొరుగే అనాలి. బంజారా హిల్స్ అంటే రాళ్లూ ముళ్లూ తప్ప ఏమీ లేని రోజుల్లో ఆ రాతిగుట్టల మధ్య ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఆ కొండల మీదే ఆయన మెహమాన్‌గా ఉన్నారు. ఆ నవాబ్ సాహెబ్ తోడ్పాటుతో శేషగిరిరావు హైదరాబాద్‌లో చదివి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగి వచ్చి హైదరాబాద్ కాలేజీలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. మన ఇళ్లలో, బడుల్లో కనిపించే తెలుగుతల్లి బొమ్మ ఆయన గీసిందే.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. అజంతాలో సయ్యద్ అహ్మద్ పక్కన కూచుని నకలు తీసిన నందలాల్ బోస్ శాంతినికేతన్‌లో ఉస్తాద్ అయ్యారు. ఆయన షాగిర్ద్ మళ్లీ హైదరాబాద్ వచ్చి ఉస్తాద్ అయ్యారు. హదీస్ చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే గొలుసును మనం సనద్ అంటాం. డిప్లొమా కాగితానికీ అదే పేరు. ఆ గొలుసు ఉన్నంతవరకే ఆ కాగితానికి వజన్.

ఈ నగరంలో నేర్చుకున్న హునర్ పల్లెలకూ, చిన్న ఊళ్లకూ ఎలా చేరిందో కాపు రాజయ్య గారు చూపించారు. సిద్దిపేటలో పుట్టి, అక్కడే బడిలో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేస్తూ, బతుకమ్మలను, బోనాలను, పల్లె మనుషులను నకాషీ రంగుల్లోకి తెచ్చారు. లలితకళా సమితి పెట్టి తన ఊళ్లో ఇంకొందరిని తయారుచేశారు. 2012లో పోయేనాటికి ఆయన పేరు దేశమంతా తెలుసు. ఆ కీర్తి ఆయనకు బడి మానేస్తే రాలేదు. బడిలో ఉండగానే వచ్చింది.

డిగ్రీ

మూడో దర్వాజా యూనివర్సిటీ. ఈ విషయంలో దారి చూపింది బరోడా. అక్కడ ఎం.ఎస్. యూనివర్సిటీలో 1950లో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ పెట్టి చిత్రకళకు డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టారు. మన హైదరాబాద్ కాలేజీలో చదివి బరోడా వెళ్లినవాళ్లు ఎందరో. కె. లక్ష్మా గౌడ్ 1963లో ఇక్కడ డిప్లొమా ముగించి అక్కడికి వెళ్లారు, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్లో అధ్యాపకులయ్యారు. తోట వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు ఆయనదే. మా కాలనీ వాళ్లకు ఆ అవార్డే ముందు గుర్తొస్తుంది.

1972లో జె.ఎన్.టి.యూ. ఏర్పడినప్పుడు మా కాలేజీ అందులో భాగమైంది. 2008లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కు విడిగా యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడు సిఫారిష్ అక్కర్లేదు. ఎంట్రన్స్‌లో మెమరీ డ్రాయింగ్ బాగా గీస్తే చాలు, నవాబు కంట్లో పడాల్సిన పని లేదు. ఆటో నడిపే అబ్బా కూతురైనా, నకాషీ ఇంటి కొడుకైనా ఒకే హాల్లో కూచుంటారు. ఈ మార్పు చిన్నది కాదు, దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఈ మూడో దర్వాజాలో ఒక లోటు ఉండిపోయింది. ఈ డిగ్రీ నన్ను చిత్రకారిణిని చేస్తుంది. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, ఫొటోగ్రఫీ, ఏది తీసుకున్నా పని నేర్పుతుంది. పదేళ్ల పిల్ల సూర్యుణ్ని నల్లగా వేస్తే ఏమనాలో నేర్పదు. అది నేర్పడానికి సర్కారు వేరే ఇంతెజామ్ చేసింది: టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. వేసవిలో 42 రోజుల శిక్షణ. లోయర్ గ్రేడ్ పాసైతే అందులో చేరవచ్చు. డ్రాయింగ్‌కూ, మ్యూజిక్‌కూ, టైలరింగ్ ఎంబ్రాయిడరీకీ అదే పద్ధతి. మా బస్తీల్లో ఎందరో ఆపాలు, ఖాలాలు టైలరింగ్‌లో ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని ఇజ్జత్‌గా బతికారు. ఆ 42 రోజులను నేను చిన్నచూపు చూడను. గీయడానికి నాలుగేళ్లు, నేర్పడానికి 42 రోజులు అన్న లెక్క మాత్రం నాకు సమఝ్ కాదు. బి.ఎడ్.లో లెక్కలకు మెథడాలజీ ఉంది, సోషల్‌కు ఉంది, భాషలకు ఉంది. బొమ్మలకు ఆ కుర్చీ వేయలేదు.

హైదరాబాద్‌లో పుట్టిన జవాబు

ఈ రెండింటినీ కలపాలన్న ఖయాల్ మన నగరంలో పుట్టిన మనిషికే వచ్చింది. డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాద్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోవడంతో కుటుంబం ఉత్తరాదికి వెళ్లిపోయింది. 1937లో గాంధీజీ వార్ధా సభ తర్వాత నయీ తాలీమ్‌కు సిలబస్ రాసే కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఆ సిలబస్‌లో చేతిపని నడుమన ఉంది, పక్కనే మాతృభాష, గణితం, సామాజికం, సైన్సులతో బాటు డ్రాయింగ్, సంగీతం కూడా ఉన్నాయి. డ్రాయింగ్ అక్కడ షౌఖ్ కాదు, సబ్జెక్టు. సేవాగ్రామ్ బడికి 1944లో శాంతినికేతన్ నుంచి దేవీ ప్రసాద్ ఆర్ట్ టీచర్‌గా వచ్చి చాలా ఏళ్లు పిల్లలతో పనిచేశారు.

జాకిర్ హుసేన్ ఇరవై ఏళ్లకు పైగా నడిపిన ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో ఆర్ట్ టీచర్లను తయారుచేసే విభాగం 1950ల నుంచి ఉంది. అక్కడ ఈ రోజుకూ ఆర్ట్ ఎడ్యుకేషన్‌లోనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఇస్తారు. అంటే గీయడం, నేర్పడం ఒకే డిగ్రీలో. హైదరాబాద్ బిడ్డ ఫికర్ ఢిల్లీలో కాసింది. ఇక్కడ మొక్క నాటవలసి ఉంది.

ఖాళీ గడి

కాగితం మీద మనకు లోటు లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం కళల మీద రాసిన పత్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టు కావాలంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళలు, వ్యాయామం, పని విద్య చెప్పే పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. పార్ట్ టైమ్ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లెక్కల టీచర్‌కు పూర్తి జీతం, బొమ్మల టీచర్‌కు సగం ఉద్యోగం అని చట్టమే రాసింది. ప్రోగ్రెస్ కార్డులో కళలకు ఒక గడి వచ్చింది, గ్రేడు కూడా వేస్తారు. ఎన్నో బళ్లలో ఆ గ్రేడు వేసేది తెలుగు టీచరో, సైన్సు టీచరో.

నేను కొన్ని వారాలు ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు బొమ్మలు చెప్పాను. వారానికి ఒక పీరియడ్. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడ్ లెక్కలకు పోయింది. ఎవరికీ దుష్మనీ లేదు, అందరూ నవ్వుతూనే తీసుకున్నారు. ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వెనక బెంచీలో ఒక పిల్లాడు, నోటుపుస్తకంలో అక్షరం సరిగా రాయనివాడు, మట్టితో ఒంటె చేశాడు. దాని మోకాళ్లు ఎలా మడతపడతాయో అంత సరిగ్గా చూసిన కన్ను ఆ క్లాసులో ఇంకెవరికీ లేదు. ఆ కన్నుకు ఏ కాలమ్‌లో మార్కులు వేయాలి?

అందుకే డ్రాయింగ్ చెప్పడానికి డిగ్రీ ఎందుకు అన్న సవాల్‌కు నా జవాబు ఇది. గీయడం నేర్పడానికి డిగ్రీ లేకపోయినా చాలు, నకాషీ ఇళ్లు శతాబ్దాలుగా ఆ సంగతి రుజువు చేశాయి. కానీ ఉస్తాద్ ఇంట్లో పిల్లలు ఒకరిద్దరు, పగలంతా కళ్ల ముందే. బడిలో నలభైమంది, వారానికి నలభై నిమిషాలు, నలభై రకాల ఇళ్లు. ఈ నలభైమందిని చూడగల కన్ను పుట్టుకతో రాదు, వేసవిలో 42 రోజుల్లో పూర్తిగా రాదు. దానికి తాలీమ్ కావాలి.

సిఫారిష్ దర్వాజా కొందరికే తెరుచుకుంది. సనద్ ఇంకొందరికి. డిగ్రీ మా లాంటివాళ్లకు కూడా తెరుచుకుంది, షుక్ర్. ఇక మిగిలింది పాత ఖుష్‌నవీస్‌ల ఇజాజత్. "నీకు వచ్చింది, నువ్వు నేర్పగలవు" అనే రెండు మాటలూ ఒకే కాగితం మీద ఉండాలి. మాసబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ ఉంది, నగరంలో బి.ఎడ్. కాలేజీలకు లెక్క లేదు. ఈ రెండింటి మధ్య దూరం సిటీ బస్సులో గంట కూడా ఉండదు. ఎనభై ఏళ్లుగా ఆ గంట ప్రయాణం ఎవరూ చేయలేదు. నాలాంటివాళ్లు డిగ్రీ చేతికొచ్చాక సెట్ల వైపు వెళ్లాలా, బడి వైపు వెళ్లాలా అన్నది ఆ ప్రయాణం మీదే ఆధారపడి ఉంది. నా మటుకు నేను బడి వైపే చూస్తున్నాను, ఇన్షాఅల్లాహ్.